లాంగ్ డ్రైవ్ దొరలు వేంచేస్తున్నారు

‘హైదరాబాద్ నుంచి జస్ట్ నాలుగు గంటలే, ఎవరికీ తెలియని స్వర్గం!’ మంథనికి ఈ మధ్య దక్కిన బిరుదు ఇది. పీవీ నరసింహారావు 1957 నుంచి 1977 దాకా ఇరవై ఏండ్లు ఈ నియోజకవర్గం తరఫునే అసెంబ్లీలో కూచున్నారు. వేదం చదువుకోవడానికి తరతరాలుగా ఎక్కడెక్కడి పిల్లలో వెతుక్కుంటూ వచ్చిన ఊరు. 2015 గోదావరి పుష్కరాల్లో గౌతమేశ్వరుని గుడి రేవులో కాలు పెట్టే సందు దొరకలేదు. ఇసుక లారీ డ్రైవర్లనైతే నిద్రలో లేపి అడిగినా దారి చెప్తారు. అయినా ఎవరికీ తెలియదట. తెలియాల్సిన వాళ్లకు ఇప్పుడే తెలిసింది కాబట్టి మేం ఇప్పుడే పుట్టినట్టు లెక్క.

శని, ఆదివారాలు వస్తే చాలు, దొరలు బయల్దేరుతారు. పాతకాలం దొర వస్తున్నాడంటే ఊరికి ముందే కబురు అందేది. కోళ్లు, గుడ్లు, పాలు వెట్టికి సిద్ధం చేసేవాళ్లు. ఇప్పటి దొర అంత దుర్మార్గుడేం కాదు, తన బిర్యానీ తనే పార్సిల్ కట్టించుకొని వస్తాడు. మా నుంచి ఆయన కోరేదల్లా ఒక నవ్వు. అది మాత్రం పాత పద్ధతిలోనే, వెట్టికి.

మొన్న వానాకాలంలో కాటారం దారిలో మక్క కంకులు కాల్చే ఒక అవ్వ ముందు తెల్ల కారు ఆగింది. నలుగురు దిగారు.

‘ఎన్నియ్యాలె బిడ్డా?’

‘తర్వాత తీసుకుంటం అవ్వా. ముందు ఆ విసనకర్ర పట్టుకొని ఇందాకటి లెక్కనే ఇంకోసారి విసురు.’

అవ్వ విసిరింది. ఈ పక్కనుంచి ఒకసారి, ఆ పక్కనుంచి ఒకసారి, కొంగు తల మీదికి కప్పించి ఒకసారి. రవ్వలు లేచాయి.

‘కంకులు మాడుతున్నయి బిడ్డా.’

‘మాడనియ్యి, పొగ సూపర్ వస్తున్నది.’

రెండు కంకులు బొగ్గయ్యాయి. డ్రోన్ లేచింది, అటు చెట్ల మీద ఒక చుట్టు చుట్టి దిగింది. పోయేముందు ఒకాయన ‘ఫేమస్ అయిపోతవు అవ్వా’ అని ఆశీర్వదించి కారెక్కాడు. కంకులు తీసుకపోరా అంటే, డైట్‌లో ఉన్నాడట. దుద్దెడ, రేణికుంట టోల్‌గేట్లలో కిక్కురుమనకుండా కట్టి వచ్చినవాళ్లు రెండు కంకుల పైసలు ఎగ్గొట్టి పోయారు. ఆ తర్వాత ఆ వీడియోకు ఎంతమంది లైకు కొట్టారో ఏమో గాని, అవ్వకు ఆ పూట బేరం రెండు కంకులు తక్కువ.

ఇక వీళ్లు చెప్పే ‘ఆగి తినదగిన చోట్ల’ జాబితా చూస్తే కడుపు నిండిపోతుంది. పల్లె రుచులు కావాలంటే పల్లె దాకా రావాల్సిన పనే లేదు. రాజీవ్ రహదారి మీద ప్రజ్ఞాపూర్ మొదలుకొని అడుగడుక్కీ ఒక పల్లె వెలిసింది. ముందు ఒక బండి చక్రం. గోడ మీద వడ్లు దంచే ఆడమనిషి బొమ్మ. దంచేటందుకు నిజం రోకలే తెచ్చారు గాని దాన్ని మేకు కొట్టి వేలాడదీశారు. ఒడిశా నుంచి పొట్ట చేత పట్టుకొని వచ్చిన పిల్లగాని తలకు ఎర్ర రుమాలు చుట్టించి, ‘ఏం దింటరు సార్’ అన్న మూడు మాటలు నేర్పించారు. కూటి కోసం కోటి విద్యలు, ఆ పిల్లగాన్ని అనేదేం లేదు. అనాల్సింది మెనూ కార్డును.

రాగి సంకటి, నాటుకోడి పులుసు. రాయలసీమది. బొంగులో చికెన్. మన్యం వాళ్లది. రాజుగారి కోడి పులావు. అదీ గోదావరి జిల్లాలదే గాని మాకు వందల కిలోమీటర్ల కిందున్న గోదావరిది. ఉలవచారు బిర్యానీ. ఇట్లా కరీంనగర్ జిల్లా పల్లె ఏనాడూ వండుకోని వంటలన్నీ వరుసగా పేర్చి, పైన ‘మన పల్లె రుచులు’ అని పేరు పెట్టారు. పచ్చిపులుసు ఉందా అంటే ‘రసం ఉంది సార్’ అంటాడు. జొన్న గటక అడిగితే లోపలికి పోయి ఎవరినో కనుక్కొని వచ్చి, ఈరోజు అయిపోయిందంటాడు. ఏ రోజూ మొదలుకాని వంట ఎట్లా అయిపోతుందో నాకు ఇప్పటికీ బోధపడదు. ప్లాస్టిక్ అరిటాకులో అంతా తిన్న పెద్దమనిషి చెయ్యి కడుక్కుంటూ ‘మా అమ్మమ్మ గుర్తొచ్చింది’ అని కళ్లు తుడుచుకుంటాడు. అమ్మమ్మ ఈ మెనూ చూస్తే ఆమెకు ఎవరు గుర్తొస్తారో!

మరి మా వంటలు ఎందుకు దొరకవు? సర్వపిండి సంగతి చెప్తా వినండి. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, కరివేపాకు, కారం, ఉప్పు వేసి గట్టిగా కలపాలి. గుండ్రటి గిన్నె లోపల నూనె రాసి, ఆ పిండిని అడుగుకూ అంచులకూ పల్చగా అద్దాలి. వేలితో బొక్కలు పెట్టి, ఒక్కో బొక్కలో ఇంత నూనె చుక్క వదిలి, మూత పెట్టి సన్న మంట మీద మరిచిపోవాలి. మరీ మరిచిపోతే మాడుతుంది. ఒకటి దిగింది కదా అని వెంటనే రెండోది అద్దుదామంటే గిన్నె చెయ్యి కాలుస్తుంది. అది చల్లారేదాకా ఆగాలి, లేదా బోర్లించి నీళ్లు పొయ్యాలి. అందుకే ఇండ్లల్లో రెండు గిన్నెలు మార్చి మార్చి పెడతారు. ఎంత హడావుడి పడ్డా గిన్నెకు ఒకటే, ఒకదాని వెనక ఒకటే. కారులో నలుగురు దిగి నాలుగు సర్వపిండ్లు అడిగితే సుమారు గంట పడుతుంది. ఏ హోటలు వాడు పెడతాడు? పెట్టినా ఎవరు ఆగుతారు? డ్రోన్ ఎగరెయ్యడానికి ముప్పావుగంట ఉంటుంది, గిన్నె చల్లారడానికి మాత్రం టైం ఉండదు.

మంథని బస్టాండు చుట్టుపక్కల మెస్సులున్నాయి. మధ్యాహ్నం పూట అన్నం, పప్పు, ఒక వేపుడు, సాంబారు, పెరుగు. గోదావరిలో చేప పడ్డ రోజు బొచ్చె కూర. కూలోళ్లు, గుమస్తాలు, లారీ డ్రైవర్లు, తహసీల్ ఆఫీసుకు వచ్చి మూడోసారి తిరిగిపోతున్న రైతులు, అందరూ ఒకే బెంచీ మీద తింటారు. ఏ జాబితాలోనూ ఇవి ఉండవు. ట్యూబులైటు వెలుగులో ఫొటో పచ్చగా పడుతుందట. ‘ఫుడ్ ఓకే, ఆంబియన్స్ లేదు’ అన్నాడొక దొర. లేదు మరి. ఆకలిగా ఉన్నోళ్లకు ఇంతవరకూ దాని అవసరం పడలేదు.

ఈ జాబితాల జబ్బు మనది కాదు, ఫ్రాన్సులో మొదలైంది. అక్కడ మిషెలిన్ అనే టైర్ల కంపెనీ 1900లో ఒక పుస్తకం అచ్చేసి కార్లున్నవాళ్లకు ఉచితంగా పంచింది. దేశం మొత్తం మీద అప్పటికి మూడువేల కార్లు కూడా లేవు. పెట్రోలు ఎక్కడ దొరుకుతుంది, మెకానిక్ ఎక్కడుంటాడు, ఎక్కడ తినొచ్చు, ఎక్కడ పడుకోవచ్చు అని వివరంగా రాసిపెట్టింది. జనం తిరిగితేనే గదా టైర్లు అరిగేది, అరిగితేనే గదా కొత్తవి కొనేది! 1926లో హోటళ్లకు నక్షత్రాలు ఇవ్వడం మొదలుపెట్టింది. ఒక నక్షత్రముంటే దారిలో ఆగి తినమని, రెండుంటే దారి మళ్లి పోయినా ఫరవాలేదని, మూడుంటే దానికోసమే ప్రయాణం కట్టమని కొన్నేళ్లకు వాటికి అర్థాలు కూడా చెప్పింది. వ్యాపారి వ్యాపారిలాగా మాట్లాడాడు, తప్పేముంది. మా రోడ్ల మీద టైరు అరగడానికి నక్షత్రాలతో పనిలేదు. ఇసుక లారీలు ఆ బాధ్యత తీసుకున్నాయి.

మానేరు, గోదావరి ఇసుక మహదేవపూర్, కాటారం, మంథని దారుల్లో రాత్రీ పగలూ హైదరాబాద్ పోతుంటుంది. అక్కడ పదిహేనంతస్తుల అపార్ట్‌మెంటయి నిలబడుతుంది. అందులో పదకొండో అంతస్తులో ఉండే ఆయనకు వారమంతా ఊపిరాడక, ఆదివారం ప్రకృతి చూద్దామని ఆ ఇసుక వచ్చిన దారినే ఎదురొస్తాడు. వచ్చి మానేరు ఒడ్డున నిలబడి ‘నది ఏదీ?’ అని అడుగుతాడు. నీ బాల్కనీలో ఉంది నాయనా. ఆయన ఇంట్లో ఏసీ నడిచే కరెంటు సంగతి సరేసరి. రామగుండం ఎన్టీపీసీ పాత ప్లాంటు ఒక్కటే 2,600 మెగావాట్లు. దానికి బొగ్గు సింగరేణిది, బూడిద చుట్టుపక్కల ఊళ్లది.

గోదావరిఖని నుంచి మంథని వచ్చేటప్పుడు సెంటినరీ కాలనీ దగ్గర ఎత్తయిన గుట్టలు కనిపిస్తాయి. వానలు పడ్డాక వాటి మీద పచ్చటి గడ్డి మొలుస్తుంది. మబ్బులు కిందికి దిగితే నిజంగానే చూడముచ్చటగా ఉంటాయి. ‘తెలంగాణ ఊటీ’ అని వీటి ముందు ఫొటోలు దిగేవాళ్లున్నారు. దూరపు కొండలు నునుపు అని ఊరికే అనలేదు. దగ్గరికి పోతే తెలుస్తుంది, అవి ఓపెన్‌కాస్ట్ గనుల్లోంచి తవ్విపోసిన మట్టి కుప్పలని. వాటి కింద ఎవరి చెలక ఉందో, ఎవరి చింతచెట్టు ఉందో ఆ ఊరోళ్లను అడిగితే వేలు పెట్టి చూపిస్తారు. అసలు సిసలు గుట్ట పక్కనే ఉంది. రామగిరి ఖిల్లా. కోట గోడలు, బురుజులు, వైద్యులు వెతుక్కుంటూ వచ్చే వనమూలికలు. దాని మీదికి కారు ఎక్కదు, కాబట్టి అది సీనరీ లెక్కలోకి రాదు.

అన్నట్టు, రాష్ట్రంలో అన్ని పార్టీల వాళ్లూ మెచ్చి మరీ చేసిన లాంగ్ డ్రైవ్ మా రూటుదే. కాళేశ్వరం ఎత్తిపోతల పథకం 2019 జూన్ 21న ప్రారంభమైంది. ఆ ఏడాది కరీంనగర్ నుంచి ఆర్టీసీ ప్రత్యేక బస్సులు వేసింది. జనం సద్ది కట్టుకొని వచ్చి, మేడిగడ్డ బ్యారేజీ గేట్లు చూసి, కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీది రెండు లింగాలకు దండం పెట్టుకొని, ఒడ్డున కూచొని తిని పోయారు. 2023 అక్టోబరు 21న అదే బ్యారేజీలో పియర్లు కుంగాయి. ఇక టూరిజం అయిపోయిందనుకున్నాం. 2024 ఫిబ్రవరి 13న ముఖ్యమంత్రి, మంత్రులు, ఎమ్మెల్యేలు బస్సుల్లో వచ్చి కుంగింది చూసి పోయారు. మార్చి 1న ప్రతిపక్షం వాళ్లు ‘చలో మేడిగడ్డ’ అని బస్సులు కట్టుకొని వచ్చి అదే చూసి పోయారు. కట్టినందుకు ఒక టూరు, కుంగినందుకు రెండు టూర్లు. ఒక్క పగులు ఇంతమందిని రప్పించిన చరిత్ర ఏ తాజ్‌మహలుకైనా ఉందా? అదే పథకంలోని అన్నారం బ్యారేజీ బ్యాక్‌వాటర్‌లో పంట మునిగిన రైతులు మాత్రం ఏ బస్సూ ఎక్కలేదు. వాళ్ల పొలానికి వాళ్లే తెప్ప వేసుకొని పోవాల్సిన పరిస్థితి. ఆ నీళ్లనే పైనుంచి డ్రోన్‌తో తీసి, ‘మాల్దీవ్స్ ఎందుకు?’ అని పేరు పెట్టారు. 2022 జులైలో బొక్కలవాగు పొంగి మంథని వీధుల్లోకి నీళ్లొచ్చినప్పుడు కూడా దొరలు వచ్చి ఉంటే ఇంటింటికీ లేక్ వ్యూ దొరికేది.

ఈ గోదావరి ఒడ్డును బీచ్ అంటారు, మినీ గోవా అంటారు చూడండి, ఆ మాట దగ్గర మాత్రం నవ్వు రాదు. ఇసుక తవ్విన గుంతలు నీళ్ల కింద ఎక్కడున్నాయో ఈతగాళ్లకు కూడా తెలియదు. 2025 జూన్‌లో మేడిగడ్డ దగ్గర, అంబట్‌పల్లి వైపు, గోదావరిలో స్నానానికి దిగిన ఆరుగురు యువకులు చనిపోయారు. మినీ గోవా అని రాసేవాళ్లు ఆ ఒక్క వాక్యం కూడా కింద రాస్తే బాగుంటుంది.

అందమైన దారి అని మురిసిపోయేవాళ్లకు ఒక వంతెన చూపించాలని ఉంది. ముత్తారం మండలం ఓడేడు నుంచి అవతల టేకుమట్ల మండలం గరిమిళ్లపల్లికి మానేరు మీద 2016లో పని మొదలైంది. ఇవతల పెద్దపల్లి జిల్లా, అవతల భూపాలపల్లి జిల్లా. ఎనిమిదేండ్లు స్తంభాలు నిలబడి జనాన్ని చూశాయి, జనం స్తంభాలను చూశారు. 2024 ఏప్రిల్‌లో ఒక రాత్రి గాలి వీచింది. గడ్డర్లు కింద పడ్డాయి. వరద వచ్చి వంతెన కొట్టుకపోవడం విన్నాం, గాలికి వంతెన పడిపోవడం మా దగ్గరే చూశాం. దాని పక్క మట్టి దారినే పెళ్లి బస్సు ఒకటి కొద్దిసేపటి ముందు దాటిపోయిందని అప్పట్లో పేపర్లలో వచ్చింది. సన్‌సెట్ పాయింట్‌గా ఆ స్తంభాలు బాగానే పనికొస్తాయి, పొద్దు సరిగ్గా వాటి నడుమనే కుంగుతుంది.

ఈ జాబితాల్లో ఎంత వెతికినా దొరకని సంగతి మరొకటుంది. ఆగి తినే చోట్లు సరే, ఆగి పోసే చోటేది? మొగోళ్లకు దేశమంతా మరుగుదొడ్డే. ఆడవాళ్లు మాత్రం పొద్దున బయల్దేరేముందే నీళ్లు తాగడం మానేస్తారు. పెట్రోలు బంకుల్లో ఆ గదికి తాళం, తాళంచెవి మేనేజరు దగ్గర, మేనేజరు ఊళ్లో ఉండడు. ‘టాప్ టెన్ ఫుడ్ స్టాప్స్’ రాసే మహానుభావుడు తన అక్కనో భార్యనో వెనక సీట్లో కూచోబెట్టుకొని ఒక్కసారి రాస్తే ఆ పదిలో తొమ్మిది ఎగిరిపోతాయి.

మనవాళ్లకు దారి గురించి రాయడం చేతకాదా అంటే, చేతనైనాయన ఒకాయన ఉన్నాడు. ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830లో పరివారంతో కాశీకి బయల్దేరి, హైదరాబాద్ దాటి నిర్మల్ మీదుగా, అంటే మా పొరుగునున్న పాత ఆదిలాబాద్ జిల్లా గుండానే, నాగపూర్ వైపు పోయాడు. ఆయన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయింది. మజిలీ మజిలీకీ ఊరు పెద్దదా చిన్నదా, నీళ్లెట్లా ఉన్నాయి, అంగళ్లున్నాయా, సామాను దొరుకుతుందా, బాట రాళ్లబాటా రేగడా అని రాసుకుంటూ పోయాడు. తన వెనక వచ్చేవాడు ఆకలితో వస్తాడని ఆయనకు ఎరుక. దారిలో ఒక ఊరు కనిపిస్తే అక్కడి మనుషులు ఏం చేసి బతుకుతారో కూడా అడిగి తెలుసుకున్నాడు. అప్పటికి ఫొటోలు లేవు కాబట్టి మాటలే దిక్కు, అందుకే నిజం రాశాడేమో అని నాకో అనుమానం.

ఇప్పటి దొరకు వెనక వచ్చేవాడి ఆకలితో పనిలేదు. సద్దన్నం తిన్నమ్మ మొగుని ఆకలి ఎరుగదట. ఈయన ప్రజ్ఞాపూర్‌లోనే తినేశాడు. ఇక్కడినుంచి ఇసుక పోయింది, బొగ్గు పోయింది, కరెంటు పోయింది. ఇప్పుడు బొమ్మ కూడా పోతున్నది. ఈ నాలుగింటిలో దేనికీ మా ఊళ్లో ఎవరి చేతిలోనూ రూపాయి రాలలేదు. డ్రైవ్‌కు వచ్చినాయన ఊరికి ఇవ్వగలిగింది ఒకటే ఉంది, ఆగి, కూచొని, అడిగి పెట్టించుకొని, తిని, పైసలిచ్చి పోవడం. సరిగ్గా అదొక్కటే ఆయన చెయ్యడు.

అధికారులకు కూడా ఒక విన్నపం. ఊరి మొగదల ‘ఐ లవ్ మంథని’ అని ఎర్ర గుండె బొమ్మ పెట్టే ఆలోచన ఉంటే ఆ పైసలతో కాటారం చౌరస్తాలో ఆడవాళ్లకు నాలుగు గదులు కట్టించండి. నీళ్లు వచ్చేవి, తాళం లేనివి.

ఇంత తిట్టాడు, మంథనికి రావద్దంటున్నాడని అనుకోకండి. రండి. తప్పకుండా రండి. పార్సిల్ బిర్యానీ తేకుండా ఖాళీ కడుపుతో రండి. సర్వపిండి కావాలంటే తెలిసినవాళ్ల ఇంటికి గంట ముందు ఫోను చెయ్యండి. మెస్సుకు ఒంటిగంట లోపల పోండి, తర్వాత పోతే సాంబారే మిగులుతుంది. అవ్వ దగ్గర ఆగితే ముందు కంకి కొనండి, తినండి, ఆ తర్వాత అడిగి ఫొటో తీసుకోండి. గోదావరిలో దిగేముందు రేవులో ఉన్న చేపలోళ్లను లోతు ఎక్కడుందో అడగండి. చిల్లర వెంట తెచ్చుకోండి. ఓడేడు దగ్గర మానేరు మీద వంతెన ఉందని మీ ఫోను చూపిస్తే నమ్మకండి, ఊరోళ్లను అడిగి బండి దించండి.